బండి ఆగే రెండు గంటలు: విజయవాడ సింగ్‌నగర్ వైపు చెత్త ఏరేవారితో చేసిన పని – కేస్ స్టడీ

విజయవాడ ఉత్తర భాగంలో బుడమేరును ఆనుకుని ఉన్న అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాల్లో వీధి చెత్త ఏరి బతికే ఇరవై ఆరు కుటుంబాలతో 2022 నుంచి 2025 వరకు మేము చేసిన పనిని ఇక్కడ నమోదు చేస్తున్నాను. మా సంస్థ చిన్నది. క్షేత్రంలో తిరిగేది నేను, మరో ఇద్దరు సహోద్యోగులు మాత్రమే. మనుషుల పేర్లు, డివిజన్ నంబరు, కొట్ల పేర్లు కావాలనే ఇవ్వడం లేదు. ఇందులో వారి అప్పుల వివరాలున్నాయి, కొందరి కుల ధ్రువీకరణ పత్రాల వ్యవహారం ఇంకా తేలలేదు. వార్డు స్థాయిలో పొడి చెత్త కేంద్రం పెట్టాలనుకునేవారికి మా విజయాలకంటే మా పొరపాట్లే ఎక్కువ పనికొస్తాయి కాబట్టి వాటికే ఎక్కువ చోటిచ్చాను.

ఆ కుటుంబాల్లో ఎక్కువమంది యానాదులు. షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉన్నా, కాలువ గట్ల మీదా ఖాళీ స్థలాల్లోనూ గుడిసెలు వేసుకుని, లేపేసినప్పుడల్లా మరో చోటికి జరుగుతూ బతకడం వల్ల వారికి ఆధార్, పుట్టిన తేదీ, కుల పత్రం ఏదీ పూర్తిగా లేదు. ఒకటి ఉంటే మరొకటి ఉండదు, రెండూ ఉంటే వాటిలో పేర్లు కలవవు. పనిచేసేవారు ముప్పై తొమ్మిది మంది, వారిలో ఆడవాళ్ళు ఇరవై ఎనిమిది మంది. తెల్లవారుజామున నాలుగున్నరకు గోతం భుజాన వేసుకుని, కొస వంచిన ఇనుప ఊచ చేతబట్టుకుని బయలుదేరి, తొమ్మిదింటికల్లా తిరిగి వచ్చి, గుడిసె ముందు సరుకు విడదీసి, మధ్యాహ్నం పాత సామాన్ల కొట్టులో వేసి, ఆ డబ్బుతో సాయంత్రం బియ్యం కొనుక్కోవడం వారి దినచర్య.

కుండీ పోయాక

2021కి ముందు వీధి మూలనుండే మున్సిపాలిటీ డంపర్ బిన్నే వారి పనిచోటు. వారి మాటలో అది కుండీ. ఇళ్ళవాళ్ళు తడీ పొడీ కలిపి తెచ్చి అందులో పడేసేవారు; లారీ వచ్చేలోగా వీరు అందులోంచి వాటర్ బాటిళ్ళు, అట్టలు, పాల కవర్లు, ఇనుము తీసుకునేవారు. బయటివాళ్ళకు ఇది ఎవరు పడితే వాళ్ళు దిగి ఏరుకునే పనిలా కనిపించేది గానీ, లోపల గట్టి కట్టుబాటు ఉండేది. ఏ కుండీ ఏ కుటుంబానిదో అందరికీ తెలుసు. అత్త నుంచి కోడలికి, తల్లి నుంచి కూతురికి కుండీ దఖలు పడేది. ఒకరి కుండీలో మరొకరు చెయ్యి పెడితే పెద్దల ముందు పంచాయతీ జరిగేది.

2021 అక్టోబర్ 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం విజయవాడలోనే మొదలైంది. ఇంటికి మూడు బుట్టలు, ఇంటి ముందుకే చెత్త ఆటో, దానికి నెలనెలా వినియోగ రుసుం వచ్చాయి. ఆ రుసుమును జనం చెత్త పన్ను అని తిట్టుకున్నారు, 2024లో ప్రభుత్వం మారాక అది రద్దయింది. ఆటోలు మాత్రం మిగిలాయి. వీధుల్లోని కుండీలు ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చారు. పారిశుద్ధ్యం దృష్టితో చూస్తే ఇది చేయవలసిన పనే. కుండీ చుట్టూ పందులు, దోమలు, వానాకాలంలో కారే నల్లనీళ్ళు చూసిన ఎవరూ దాన్ని తిరిగి కోరుకోరు. కార్యక్రమం పొట్టి పేరు క్లాప్ కదా, నేనూ అప్పట్లో చప్పట్లు కొట్టినవాణ్ణే. కుండీతోపాటు ముప్పై తొమ్మిది మంది పనిచోటు కూడా పోయిందని మాకు తెలియడానికి ఆరు నెలలు పట్టింది.

అప్పటి నుంచి పొడి చెత్త గుమ్మం దగ్గరే ఆటో ఎక్కుతోంది. డ్రైవరు, లోడరు విలువైన సరుకును దారిలోనే తీసి బండి పక్కన వేలాడే గోతంలో వేసుకుంటారు. వారి జీతమూ అంతంత మాత్రమే, అదీ సమయానికి రాదు. కాబట్టి వారిని తప్పుపట్టలేం. మిగిలినది చెత్తను నొక్కి కుదించే పెద్ద బండి కంపాక్టర్‌లోకి, అక్కడి నుంచి చెత్తను బండ్లు మార్చే ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌కి, అందులో కొంత కొండవీడు దగ్గర చెత్త నుంచి విద్యుత్తు తీసే కర్మాగారానికి వెళ్తుంది. ఆ బాయిలర్‌కు కావలసినదీ బాగా మండే కాగితం, ప్లాస్టిక్కే. రీసైక్లింగ్‌కు పనికిరాని, కిలోకు 1500 కిలో కేలరీలు అంతకు మించి ఉష్ణశక్తి ఉన్న వ్యర్థాలను డంపింగ్ యార్డుకు పంపకుండా ఇంధనంగానే వాడాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చెప్పాయి. అయితే ఏది పనికొస్తుందో, ఏది పనికిరాదో విడదీసే చెయ్యి దారిలో ఎక్కడా లేకపోతే ఆ నియమం అమలయ్యే వీలే లేదు. పైగా మన ఊళ్ళ చెత్తలో దాదాపు సగం తడి చెత్త. దానితో కలిసి నలిగిన అట్ట ఇటు మిల్లుకూ పనికిరాదు, అటు పొయ్యిలోనూ సరిగా మండదు.

మొదటి ప్రయత్నం ఎందుకు విఫలమైంది

2016 నిబంధనల్లో స్థానిక సంస్థల బాధ్యతలను చెప్పే 15వ నిబంధన, చెత్త ఏరేవారిని గుర్తించి వ్యవస్థలో కలుపుకోవాలనీ, వారితో స్వయం సహాయక బృందాలు ఏర్పాటుచేసి గుర్తింపు కార్డులు ఇవ్వాలనీ చెప్పింది. మేము కార్డు అన్న మాట దగ్గర ఆగిపోయాం. అదే నిబంధనలో కాస్త కిందుగా, చెత్త ఏరేవారు పొడి సరుకు విడదీసుకోవడానికి తగినంత స్థలం చూపాలన్న వాక్యం కూడా ఉంది. దాన్ని షెడ్డు వేయమన్నట్టు అర్థం చేసుకున్నాం. సరుకు ఆ షెడ్డు దాకా ఏ దారిన వస్తుందని ఎవరమూ అడగలేదు.

కార్డులకు ఐదు నెలలు పట్టింది. కార్డుకు ఆధార్, ఆధార్‌కు చిరునామా, చిరునామాకు కరెంటు బిల్లు కావాలి. గట్టు మీది గుడిసెకు మీటరు ఉండదు. చివరికి ముప్పై ఒక్క మందికి కార్డులు చేతికొచ్చిన రోజున చిన్న సభ కూడా పెట్టాం. సభ అయ్యాక ఆ బృందంలోని పెద్దావిడ కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, “పోలీసోళ్ళు ఆపితే చూపించుకోడానికి బానే ఉంది బాబూ, ఇది చూసి చెత్త బండోడు సరుకిస్తాడా?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

చేతి తొడుగుల సంగతీ అంతే. సిరంజి సూదులు, పగిలిన ట్యూబులైట్లు, కాగితంలో చుట్టని బ్లేడ్లు రోజూ తగులుతుంటాయి కాబట్టి మందపాటి రబ్బరు తొడుగులు కొనిచ్చాం. వారం తిరక్కుండానే అవి గుడిసెల చూరుల్లో చేరాయి. మొదట నేను దాన్ని నిర్లక్ష్యమే అనుకున్నాను. ఒక ఉదయం పక్కన కూర్చుని వారు సరుకు విడదీయడం చూశాక గానీ అసలు సంగతి తెలియలేదు. ఒకావిడ రెండు సీసాలు చేతిలోకి తీసుకుంది. నా కంటికి రెండూ ఒకటే. ఆమె ఒక్కోదాన్నీ గోటితో మీటి, బొటనవేలితో నొక్కి, ఒకటి ఇటు, ఒకటి అటు వేసింది. అనుమానం వచ్చిన మూడోదాని కొసను అగ్గిపుల్లతో అంటించి వాసన చూసింది. కొవ్వొత్తి వాసన వస్తే ఒక కుప్ప. ముక్కు మండితే అది పైపుల రకం, వేరే కుప్ప. వాటర్ బాటిళ్ళ బేలులో, అంటే నొక్కి కట్టిన కట్టలో, ఆ పైపుల రకం, అంటే పీవీసీ, కొంచెం కలిసినా కరిగించేటప్పుడు మొత్తం సరుకు చెడిపోతుందని కర్మాగారాలవాళ్ళు చెబుతారు. ఆమె ఆ మాట ఎన్నడూ వినలేదు, అయినా ఆ తేడా ఆమె వేలికొసకు తెలుసు. మందపాటి రబ్బరు ఆ వేలికొసకే అడ్డుపడింది. తరువాత అరచేయి మందంగా, వేలికొసలు పలచగా ఉండే అల్లిక తొడుగులు దొరికాక సగంమంది వాడారు.

షెడ్డు విషయంలో చేసిన పొరపాటు ఖరీదైనది. రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, సరుకును బేళ్ళుగా నొక్కడానికి చేత్తో తిప్పే బేలింగ్ ప్రెస్సు పెట్టి, కొట్టు కన్నా కిలోకు రెండు రూపాయలు ఎక్కువిస్తామన్నాం. డబ్బు మాత్రం పదిహేను రోజులకోసారి బ్యాంకు ఖాతాలో వేస్తామన్నాం, ఎందుకంటే మాకు నిధులిచ్చేవారి లెక్కలకు అదే సుఖం. రెండు నెలల్లో షెడ్డుకు వచ్చేవారు పదకొండు మందికి తగ్గారు. మిగిలినవారు పాత కొట్టుకే వెళ్ళారు.

ఒక మధ్యాహ్నం ఆ కొట్టులో బెంచీ మీద కూర్చుని ఒక అక్క గోతం తూకం మొదటి నుంచి చివరిదాకా రాసుకున్నాను. వాటర్ బాటిళ్ళు 4 కిలోల 300 గ్రాములు తూగితే 4 కిలోలుగా వేసి, కిలో 16 చొప్పున 64 రూపాయలు కట్టారు. అట్ట 7 కిలోల 200 తూగితే తేమ తరుగు తీసి ఆరున్నర కిలోలు, 8 చొప్పున 52. పాల కవర్లు 1 కిలో 400 తూగితే కిలోంబావు, 12 చొప్పున 15. ఇనుము 900 గ్రాములకు 21. మొత్తం 152 రూపాయలు. అందులో పాత బాకీ కింద 50 తీసుకుని 102 చేతిలో పెట్టారు. రాత్రి లెక్క వేసుకుంటే తరుగు పేరుతో ఆమెకు పోయింది పదమూడు రూపాయల లోపే. కుండీ ఉన్న రోజుల్లో ఆమెకు పూటకు రెండు గోతాలు నిండేవి. ఆ రోజు తెచ్చింది ముప్పావు గోతం. మేము ఆరు నెలలుగా ఆ పదమూడు రూపాయల మీదే పోరాడుతూ వచ్చాం.

కొట్టు యజమాని మా రాతకోతలు గమనిస్తూనే ఉన్నాడు. “మీరు కిలోకి రెండ్రూపాయలు ఎక్కువిస్తారు సార్, కాదన్ను. రాత్రి పన్నెండింటికి పిల్లోడికి జొరమొస్తే ఎవరి తలుపు కొడతారు?” అన్నాడు. తుక్కు వ్యాపారి అనగానే రక్తం పీల్చేవాడు అని శిక్షణా తరగతుల్లో మేమే చెబుతూ వచ్చాం. దోపిడీ లేదని అనను, ఆ తరుగు దోపిడీయే. కానీ రోజువారీ రొక్కం, అర్ధరాత్రి చేబదులు మరొకరు ఇవ్వలేనంత కాలం అతన్ని తప్పించే ఏ పథకమూ నిలబడదు. 2016 నిబంధనలు కూడా తుక్కు వ్యాపారులను అసంఘటిత చెత్త సేకర్తల నిర్వచనంలోనే చేర్చాయి. ఆ వాక్యం మీద మా దృష్టి అప్పుడే పడింది.

బండి దగ్గరికే వెళ్ళడం

ఆటోలు ఉదయం రూటు ముగించుకుని తొమ్మిదిన్నర ప్రాంతంలో ఒక ఖాళీ స్థలానికి చేరతాయి. పెద్ద కంపాక్టర్ వచ్చి వాటి చెత్తను తనలోకి తీసుకునేసరికి పదకొండున్నర అవుతుంది. ఆ రెండు గంటలు బండ్లు నిండుగా, ఊరకే నిలబడి ఉంటాయి. డ్రైవర్లు టీ తాగుతుంటారు. పొడి చెత్త ఎవరి చేతికైనా అందడానికి వీలున్న ఆఖరి చోటు అదే. దాన్ని కనిపెట్టింది మేము కాదు. కార్డు చూసి ప్రశ్న వేసిన పెద్దావిడే మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళి చూపించింది.

అనుమతి కోసం తిరగడం మూడు నెలలు సాగింది. శానిటరీ ఇన్‌స్పెక్టర్ అభ్యంతరాలు న్యాయమైనవే: ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది, విడదీశాక మిగిలిన చెత్త నేలమీద వదిలేస్తే ఫొటోలు ఎవరికి వెళ్తాయి, కంపాక్టర్ ఆలస్యమైతే ఎవరు జవాబు చెప్పాలి. చివరికి ఒక పేజీ ఒప్పందం కుదిరింది. ఆటో పొడి భాగాన్ని బరకం మీద దించాలి, పదకొండుంబావుకల్లా విడదీయడం ముగించి పనికిరానిది తిరిగి ఎక్కించాలి, స్థలం ఊడ్చి వెళ్ళాలి, పదహారేళ్ళ లోపు పిల్లలెవరూ రాకూడదు.

డ్రైవర్లు మొదటి వారం సహకరించలేదు. వారి గోతంలో పడే సరుకు పోతుందన్న భయం వారిది. మేము ఏదో ప్రోత్సాహకం ఆలోచిస్తుండగా ఆడవాళ్ళే బేరం కుదుర్చుకున్నారు: బీరు సీసాలు, ఇనుము డ్రైవర్లవే; శనివారం నాటి అట్ట మొత్తం డ్రైవర్లదే; మిగతాది తమది. దారిలో బండి ఆపి ఏరుకునే శ్రమ తప్పడంతో డ్రైవర్లకూ రూటు త్వరగా ముగిసింది.

ఏ ఆటో ఎవరు విడదీయాలన్నది ఇంకా పెద్ద చిక్కు. నేను వంతుల పట్టిక తయారుచేసి తీసుకెళ్ళాను. వారు దాన్ని మర్యాదగా పక్కన పెట్టి, పాత కుండీల లెక్క తీశారు. ఒక ఆటో తిరిగే సందుల్లో గతంలో ఎవరి కుండీలు ఉండేవో, ఆ ఆటో వారిది. ఒకే ఆటో రూటులో ముగ్గురి కుండీలు ఉంటే ముగ్గురూ పంచుకోవాలి. ఒక గంటలో అంతా తేలింది. అప్పటికి కుండీలు వీధుల్లోంచి పోయి రెండేళ్ళయినా, వాటి మీది హక్కు మాత్రం ఎవరూ మరచిపోలేదు.

రొక్కం చిక్కును కొట్టు యజమానినే షెడ్డులోకి తెచ్చి పరిష్కరించాం. అతని కాటా తీసేసి, అంకెలు అమ్మేవారివైపు కనిపించే ఎలక్ట్రానిక్ కాటా పెట్టాం. రోజు డబ్బు రోజే అతను ఇస్తాడు; బేళ్ళు కట్టి పెద్ద గోడౌనుకు వేసినప్పుడు వచ్చే అదనపు ధరలో సగం అతనికి, సగం బృందం పొదుపు ఖాతాకు. తడి అట్టకు తరుగు ఉంటుంది, అయితే ఎంతన్నది ముందే గోడ మీద రాసి ఉండాలి. బాకీల మీద వడ్డీ జోలికి మేము పోలేదు, అంత శక్తి మాకు లేదు. పట్టణ పేదల పొదుపు సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ మెప్మా ద్వారా కట్టిన పొదుపు సంఘం చిన్న చేబదుళ్ళకు కొంత ఆసరా అయింది గానీ, పెళ్ళికీ చావుకూ ఇప్పటికీ అతని తలుపే.

తేలనివి రెండున్నాయి. 2021 అక్టోబర్ నుంచి ప్లాస్టిక్ తుక్కు మీద జీఎస్టీ 5 శాతం నుంచి 18 శాతానికి పెరిగింది. బిల్లు లేనిదే కర్మాగారాలు సరుకు తీసుకోవు. రిజిస్ట్రేషన్ లేని చిన్న కొట్టు బిల్లు ఇవ్వలేదు. అందుకే అసలు లాభం నడుమనున్న గోడౌను దగ్గరే ఆగుతోంది. రెండోది చిప్స్ ప్యాకెట్ల వంటి పొరల ప్లాస్టిక్. దాన్ని ఎవరూ కొనరు, కాబట్టి అది తిరిగి కంపాక్టర్‌లోకే వెళ్తుంది. ఉత్పత్తిదారులే తమ ప్యాకింగ్ ప్లాస్టిక్‌ను వెనక్కి తీసుకునే బాధ్యత వహించాలని 2022లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ బాధ్యత తాలూకు రూపాయి ఒక్కటి కూడా మా షెడ్డు దాకా రాలేదు.

బుడమేరు

2024 సెప్టెంబర్ 1న బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ నీటిలో మునిగాయి. అదే సమయంలో కృష్ణ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు ప్రవాహంతో పోటెత్తింది. మా షెడ్డులో నడుము దాటి నీళ్ళు నిలిచాయి. ఎలక్ట్రానిక్ కాటా పోయింది. కట్టి ఉంచిన అట్ట బేళ్ళు నాని, ఉబ్బి, తీగలు తెంచుకుని ముద్దయ్యాయి. ప్రెస్సు చేత్తో తిప్పేది కాబట్టి తుప్పు గీకాక పనిచేసింది. మోటారు ప్రెస్సు కొననందుకు మొదటిసారి సంతోషించాం.

కొట్టు యజమాని బాకీల పుస్తకం కూడా నానిపోయింది. పేజీలు విడదీస్తే సిరా మరకలు తప్ప ఏమీ లేవు. తలా ఎంత ఇవ్వాలో అతను గుర్తు తెచ్చుకోవలసి వచ్చింది. షెడ్డు కడిగిన రోజు అందరూ అక్కడే ఉన్నారు. ఇద్దరు తప్ప మిగిలినవారంతా తమ బాకీ ఎంతో తామే చెప్పారు. ఆ ఇద్దరిలో ఒకరు పదిహేను వందలు తక్కువ చెప్పారని అతనికి తెలుసు, నాకూ తెలుసు. అతను ఆ అంకెనే కొత్త పుస్తకంలో రాసుకున్నాడు.

నీళ్ళు తీశాక వీధులన్నీ మళ్ళీ కుండీలయ్యాయి. ప్రతి గుమ్మం ముందూ పరుపులు, సోఫాలు, పిల్లల పుస్తకాలు, చెడిపోయిన ఫ్రిజ్‌లు. ఇళ్ళలోని బురదను అగ్నిమాపక యంత్రాలతో కడిగారు, ఇతర పట్టణాల నుంచి పారిశుద్ధ్య కార్మికులను రప్పించారు. ఆ మూడు వారాలూ మా బృందం తెల్లవారకముందే రోడ్డు మీద ఉంది. తడిసిన పరుపుకు విలువ లేదు, పుస్తకాల ముద్దకూ లేదు; రాగి, అల్యూమినియం ఉన్న సామాను మాత్రం వ్యాన్లలో వచ్చిన బయటి వ్యాపారులు ముందే ఎత్తుకుపోయారు. ఆ వారాల్లో ఇద్దరికి కాళ్ళకు చీము పట్టింది. నేను గంబూట్ల కోసం తిరుగుతుంటే వారు పాత సైకిల్ ట్యూబును పాదాలకు చుట్టుకుని పనికి పోయారు.

వరద సాయంగా నేల అంతస్తు ఇంటికి 25,000 రూపాయలు ప్రకటించారు. ఇల్లిల్లూ తిరిగి లెక్క రాసినప్పుడు తలుపు నంబరు లేని గుడిసెలు కొన్ని జారిపోయాయి. మా బృందంలో పంతొమ్మిది కుటుంబాలకు డబ్బు అందింది, ఏడింటికి అందలేదు. అర్జీలు పెట్టినప్పుడు, ఆ ఏడింటిలో నాలుగు కుటుంబాలకు అక్కడ ఉంటున్నట్టు రుజువుగా నిలిచింది 2022లో మేము చేయించిన గుర్తింపు కార్డే. కార్డు వల్ల ఒరిగేదేమీ లేదని అప్పటికి ఏడాదిగా సమావేశాల్లో చెబుతూ వచ్చినవాణ్ణి, ఆ మాట వెనక్కి తీసుకోవలసి వచ్చింది.

ప్రస్తుత స్థితి

పారిశుద్ధ్య కార్మికుల కోసం ఉన్న నమస్తే పథకాన్ని 2024లో చెత్త ఏరేవారికి కూడా వర్తింపజేశారు. ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య రక్షణ అందులో భాగం. మావాళ్ళ వివరాలు రాయించే పనిలో ఉన్నాం, మళ్ళీ ఆధార్‌లో పేర్లు కలవని తంటానే. మగవాళ్ళు నలుగురు ఈ పని మానేసి భవన నిర్మాణ కూలికి వెళ్ళారు. రెండు కుటుంబాలు గుంటూరు వైపు తరలిపోయాయి.

మా ఒప్పందం ఇప్పటికీ ఆ ఒక్క పేజీయే. దాని మీద సంతకం చేసిన అధికారి బదిలీ అయ్యారు, తరువాత వచ్చినవారికి మొదటి నుంచి వివరించాం, వారూ మారారు. ఇది కార్పొరేషన్ తీర్మానంగా మారితే తప్ప ఆ రెండు గంటలు ఎప్పుడైనా పోవచ్చు. అందుకు పెట్టిన విజ్ఞాపన పరిశీలనలో ఉంది.

ఈ మధ్య ఆటోల రూట్లు మార్చారు. కొన్ని సందులు ఒక బండి నుంచి మరో బండికి వెళ్ళాయి. దాంతో షెడ్డు వెనక సిమెంటు సంచి పరిచి, దాని మీద బొగ్గుతో సందులు గీసి, పాత కుండీలున్న చోట సీసా మూతలు పెట్టి, ఆడవాళ్ళు మళ్ళీ లెక్క మొదలుపెట్టారు. రెండు సాయంత్రాల్లో ఒక్క కుండీ తప్ప అన్నీ తేలాయి. ఆ ఒక్కటీ గుడి పక్కనుండేది; అత్త చనిపోయాక అది పెద్ద కోడలిదా, అత్తకు చివరిదాకా అన్నం పెట్టిన చిన్న కోడలిదా అన్న పంచాయతీ ఇంకా నడుస్తోంది. అది తేలేదాకా ఆ బండి సరుకు రోజుకొకరు విడదీసుకుంటున్నారు.